రాజమండ్రిలో ఉందామా, కాకినాడలో ఉందామా? జవాబు గోదారిని అడుగుదాం

ఈ ఎపిసోడ్ ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ల కోసం. ఒకరికి ఉద్యోగం కాకినాడలో, ఇంకొకరికి రాజమండ్రిలో. మధ్యలో అరవై కిలోమీటర్ల పైన దూరం. కాపురం ఎక్కడ పెట్టాలి? అద్దె ఎంత, స్కూళ్లు ఎలా ఉన్నాయి అని అందరూ అడుగుతారు. మనం ఇంకో ప్రశ్న అడుగుదాం. అసలు ఈ ఊళ్లు ఇక్కడే ఎందుకు పుట్టాయి? ఇది తెలిస్తే ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలో కూడా కొంత అర్థమవుతుంది.

ముందు రాజమండ్రి. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు, నన్నయ మహాభారతం తెలుగులో మొదలుపెట్టిన ఊరు. ఇది స్కూల్లో చదువుకున్నదే. కానీ ఊరు ఇక్కడే నిలబడ్డానికి అసలు కారణం గోదారి రేవు. ఏరు దాటాలంటే ఇక్కడికి రావాల్సిందే. 1890లలో బెజవాడ వైపు నుంచి రైలు మార్గం వేసినప్పుడు కూడా అదే కథ. మొదట్లో కొవ్వూరులో రైలు దిగి, పడవెక్కి, ఇవతల మళ్లీ రైలెక్కేవాళ్లు. 1900లో హేవలాక్ వంతెన మీద రైళ్లు నడిచాక ఆ అవస్థ తప్పింది. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. హేవలాక్ వంతెన 1997లో రిటైర్ అయింది. అంటే రాజమండ్రిని పెంచింది దాటే చోటు. ఈరోజుకీ చెన్నై–హౌరా మెయిన్ లైన్ ఊళ్లోంచే పోతుంది, విమానాశ్రయం పక్కనే మధురపూడిలో ఉంది. బట్టల హోల్‌సేల్ వ్యాపారం, దగ్గర్లో కడియం నర్సరీలు, అన్నీ ఆ రాకపోకల మీద బతికేవే.

ఇప్పుడు కాకినాడ. దీని కథలో ముందు ఇంకో ఊరు ఉంది, కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. అయితే గోదారి తెచ్చే మట్టి అక్కడ మేట వేస్తూ పోయింది. దానికి తోడు 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవుని ఊడ్చిపెట్టేసింది. వ్యాపారం కాస్త ఉత్తరానికి జరిగి కాకినాడ చేరింది. అక్కడ జగన్నాథపురంలో డచ్చివాళ్ల స్థావరం ముందే ఉంది, 1825లో అది ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయి మన పత్తికి గిరాకీ పెరిగింది. కాకినాడ రేవు దశ తిరిగింది. అదే గోదారి మట్టి సముద్రంలో ఇసుక దిబ్బగా పేరుకుని హోప్ ఐలాండ్ అయింది. ఈరోజు కాకినాడ తీరానికి అలల నుంచి అడ్డుగోడ అదే. చూశారా, కోరంగిని పూడ్చిన మట్టే కాకినాడని కాస్తోంది.

ఈ రెండు ఊళ్లనీ కలిపింది ధవళేశ్వరం. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలువలు తవ్వారు, లాకులు కట్టారు. డెల్టా ధాన్యం పడవల మీద కాకినాడ రేవుకి చేరేది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. ఒక విచిత్రం ఏంటంటే, ఆ తర్వాత చాలాకాలం కలెక్టరు కాకినాడలో, జిల్లా కోర్టు రాజమండ్రిలో! 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాక కూడా, తూర్పు గోదావరికి కాకినాడే ముఖ్యపట్నం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక రాజమండ్రి తూర్పు గోదావరికి ముఖ్యపట్నమైంది, కాకినాడ పేరుతో వేరే జిల్లా వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో రెండూ మూడు లక్షలు దాటిన ఊళ్లే. ఒకటి పెద్దన్న, ఇంకొకటి తమ్ముడు అనడానికేం లేదు.

మరి ఇల్లు సంగతి? ఊరికి అన్నం పెట్టిన నీళ్లే భయం కూడా పెడతాయి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పారాయి. రాజమండ్రిలో చాలా భాగం మెరక మీద ఉంది కాబట్టి నిలిచింది. కానీ పల్లపు ప్రాంతాల్లో వాననీళ్లు నిలుస్తాయి. ప్లాటు చౌకగా వస్తోందంటే అది పాత చెరువో, పల్లమో కాదు కదా అని చూసుకోండి.

కాకినాడకి గండం సముద్రం వైపు నుంచి. 1996 నవంబరు తుపాను పక్కన కోనసీమలో ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెబుతారు. ఊరు సముద్రమట్టానికి చాలా తక్కువ ఎత్తులో ఉంది. పెద్ద వాన పడినప్పుడే సముద్రానికి పోటు వస్తే మురుగుకాలువ నీళ్లు త్వరగా బయటికి పోలేవు. ఇంకోటి, తాగే నీళ్లు గోదారి కాలువ మీద ఆధారపడ్డవే. వేసవిలో కాలువలు కట్టేస్తే, చెరువుల్లో నిలవ చేసుకున్న నీళ్లే దిక్కు.

ఇక ఉద్యోగం, చదువు. పోర్టు, ఎరువులు, నూనె శుద్ధి, గ్యాస్ పనులైతే కాకినాడ. జేఎన్‌టీయూ, 1958లో మొదలైన రంగరాయ మెడికల్ కాలేజీ కూడా అక్కడే. వ్యాపారం, ఎక్కువ ప్రయాణాలు ఉన్నవాళ్లకి రాజమండ్రి సుఖం. కాకినాడ మెయిన్ లైన్ మీద లేదు, చాలా రైళ్లకి సామర్లకోట వెళ్లి ఎక్కాలి.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోకర్ని కాదు, ఆ వీధిలో కిరాణా కొట్టాయన్ని మూడు మాటలు అడగండి. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయండీ? వానొస్తే ఎటు పోతాయండీ? పోయిన పెద్ద తుపానుకి ఎంతవరకు వచ్చాయండీ? ఆయన చేత్తో గోడ మీద గుర్తు చూపిస్తాడు. అది చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

మీ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కామెంట్లో రాయండి, కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.