ఖుత్బా, నాణెం, గుండం: సున్నీ–షియా పోటీలో రాజ్యం పాత్రకు తాండూరు ప్రాంతపు సాక్ష్యం

సున్నీ–షియా వైరం 680లో కర్బలాలో ఇమాం హుసేన్ హత్య నాటి నుంచి ఆరని నిప్పులా రగులుతూనే ఉందని తరచూ చదువుతుంటాం. అదే నిజమైతే తాండూరు, వికారాబాద్, పరిగి, కొడంగల్ పల్లెల్లో పీర్ల పండుగ మిగిలి ఉండకూడదు. ఈ ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు సున్నీలు. అయినా షియా రాజుల కాలంలో వేళ్లూనిన మొహర్రం ఆచారం రాజవంశాలు మారినా పోలేదు. ఎందుకు పోలేదన్నదే ఈ వ్యాసం ప్రశ్న. వైరానికి మూలం సిద్ధాంతంలో కన్నా, ఒక శాఖను రాజ్యాధికారానికి ముద్రగా వాడుకోవడంలో ఎక్కువగా ఉందన్నది నా వాదన.

ముందు పండుగను దగ్గరగా చూద్దాం. నెలపొడుపు చూశాక పీర్ల చావిడి ముందు గుండం తవ్వుతారు. ఏడాదంతా పెట్టెలో భద్రంగా ఉన్న పీర్లను తీసి, తోమి, వెదురు కర్రలకు బిగిస్తారు. చేతి ఆకారంలోనో ఆకు ఆకారంలోనో ఉండే ఆ లోహపు రేకులకు ఎరుపు, ఆకుపచ్చ దట్టీలు కడతారు. హసన్, హుసేన్ పల్లె నోట ఆశన్న, ఊశన్నలవుతారు. పీర్లకు సేవ చేసే ముజావర్ ఫాతెహా ఇస్తాడు; మొక్కున్న వాళ్లు ఊదు, బెల్లం, మలీద తెస్తారు. రాత్రి గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. పదో రోజున పీర్లు వాగుకో చెరువుకో సాగిపోతాయి. సున్నీ, షియాలను విడదీసే వాదం, అంటే మొదటి ముగ్గురు ఖలీఫాల వారసత్వం న్యాయమా కాదా అన్నది, ఈ తతంగంలో ఎక్కడా వినపడదు. మిగిలింది హుసేన్ మీద దుఃఖం, ఆయన మహిమ మీద నమ్మకం. ఆ రెంటికీ సున్నీ, షియా హద్దు లేదు. ముస్లిం, హిందూ హద్దు కూడా లేదు.

పల్లెలో కనిపించని ఆ తగవు గోల్కొండ కోటలో మాత్రం నిజంగానే నడిచింది. 1518లో మొదలైన షియా కుతుబ్‌షాహీ రాజ్యంలో శుక్రవారం నమాజు ప్రసంగమైన ఖుత్బాను పన్నెండుమంది ఇమాముల పేర చదివేవారు. ఇరాన్ సఫవీ షా పేరూ అందులో వచ్చేది. 1636లో షాజహాన్ సైన్యం ఒత్తిడికి అబ్దుల్లా కుతుబ్‌షా లొంగి ఇన్‌ఖియాద్‌నామా అనే విధేయతా పత్రం రాసిచ్చాడు. ఆ ఒడంబడిక షరతులు చూడండి: ఖుత్బాలోంచి పన్నెండుమంది ఇమాముల పేర్లు, ఇరాన్ షా పేరు తీసేయాలి, నలుగురు ఖలీఫాల పేర్లు, షాజహాన్ పేరు చేర్చాలి, నాణేలు కూడా మొఘలు చక్రవర్తి పేరునే కొట్టాలి, ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం కట్టాలి. మతం, టంకశాల, కప్పం ఒకే కాగితం మీదికెక్కాయి. ఢిల్లీకి కావలసింది గోల్కొండ ప్రజల విశ్వాసం మారడం కాదు, దక్కన్‌లో ఇరాన్ షా పేరు వినపడకపోవడం. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకోవడంతో షియా రాజ్యమే అంతరించింది.

తర్వాత వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలు. అయినా వాళ్లు మొహర్రాన్ని తుడిచిపెట్టలేదు, పోషించారు. పీర్లను నిలపడానికి కుతుబ్‌షాహీలు కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను నిజాం అలీఖాన్ బాగు చేయించాడు. బీబీ కా అలం అనే పీరుకు నిజాములు దట్టీలు సమర్పించారు. 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా రాజ్యాన్ని నడిపిన మొదటి సాలార్‌జంగ్ షియా కుటుంబీకుడు. వికారాబాద్‌కు ఎవరి పేరు వచ్చిందో ఆ వికారుల్ ఉమ్రా సున్నీలైన ‘పైగా’ నవాబుల వంశీకుడు. 1890లలో ఆయనా ప్రధాని అయ్యాడు. దివాన్ పదవి శాఖను బట్టి కాక దర్బారు లెక్కలను బట్టి దక్కేది. పాలకుడి సింహాసనానికి షియాల నుంచి ముప్పు లేదు. వాళ్ల అలం ఊరేగితే ఆయన గౌరవం తగ్గేదీ లేదు.

అయితే ఈ చిత్రాన్ని బంగారు పూతతో చూపడం తప్పు. 1927లో హైదరాబాద్‌లో పుట్టిన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ (ఇత్తెహాద్) సంస్థ మొదటి ఉద్దేశం ముస్లిం శాఖలన్నిటినీ ఒక్కటి చేయడం. దాన్ని నడిపించిన బహాదుర్ యార్ జంగ్ మహదవీ శాఖవాడు. సున్నీలు, షియాలు, మహదవీలు ఒకే వేదిక ఎక్కారు. ఆ ఐక్యతే క్రమంగా రాజ్యాధికారం ముస్లింలదే అన్న సిద్ధాంతంగా మారి, ఖాసిం రజ్వీ చేతిలో రజాకార్ల దాకా వెళ్లింది. శాఖల మధ్య గోడ కూలిన చోటే మతాల మధ్య గోడ లేచింది. 1948 సెప్టెంబరులో ముగిసిన ఆ అధ్యాయాన్ని దాటేసి తెలంగాణ సామరస్యం గురించి మాట్లాడటం చరిత్రకు అన్యాయం.

ఇరవయ్యో శతాబ్దపు రాజ్యాలకు 1636 నాటి ఖుత్బా స్థానంలో రాజ్యాంగం, చట్టం దొరికాయి. 1979 నాటి ఇరాన్ రాజ్యాంగం పన్నెండు ఇమాముల జాఫరీ మార్గాన్ని ఎన్నటికీ మార్చరాని అధికార మతంగా ప్రకటించింది. అధ్యక్షుడు ఆ మతస్థుడై ఉండాలంది. అంటే అక్కడి సున్నీ పౌరుడికి ఆ పదవి లేదు. పాకిస్తాన్ ఉదాహరణ ఇంకా బోధకం. 1980లో జియా ఉల్ హక్ ప్రభుత్వం బ్యాంకు పొదుపు ఖాతాల నుంచి మతం విధించిన దానమైన జకాత్‌ను రెండున్నర శాతం చొప్పున నేరుగా కోసుకునే ఆర్డినెన్సు తెచ్చింది. సున్నీ ధర్మశాస్త్రం (ఫిఖ్‌హ్) ప్రకారం రాసిన ఆ నియమం మీద షియాలు ఇస్లామాబాద్‌లో వేల సంఖ్యలో నిరసనకు దిగి మినహాయింపు సాధించారు. 1985లో ఝంగ్‌లో షియాలకు వ్యతిరేకంగా సిపాహ్-ఎ-సహాబా పుట్టింది. దాని వెనక స్థానిక షియా భూస్వాముల మీద కోపం, సౌదీ–ఇరాన్ పోటీ వంటి కారణాలూ ఉన్నాయి. కానీ పౌరుడు తన శాఖేమిటో ప్రభుత్వానికి కాగితం మీద రాసివ్వాల్సిన అవసరం జకాత్ చట్టంతోనే వచ్చింది. అలా రాసిచ్చాక శాఖ ఇంటి విషయంగా ఉండదు.

మన దగ్గర కూడా చట్టం ఈ విషయం దాకా వస్తుంది. 1995 వక్ఫ్ చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో షియా వక్ఫ్‌ల సంఖ్యగానీ ఆదాయంగానీ మొత్తంలో పదిహేను శాతం దాటితే ప్రత్యేక షియా బోర్డు పెట్టవచ్చు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో వేర్వేరు బోర్డులున్నాయి, తెలంగాణలో ఒక్కటే. లక్నోలో మొహర్రం ఊరేగింపుల మీద 1977 నుంచి రెండు దశాబ్దాలు నిషేధం నడిచిన సంగతి తెలిసినవాళ్లకు ఈ తేడా చిన్నదిగా తోచదు.

నా అంచనాలో తాండూరు ప్రాంతంలో పీర్లకు ఎదురవుతున్న ఒత్తిడి షియా–సున్నీ తగవు కాదు. పీర్లను మొక్కడం, గుండం చుట్టూ ఆడటం ఇస్లాంలో లేవని చెప్పే సంస్కరణవాదం సున్నీ సమాజంలోపలి మాట. దానికి అడ్డు చెప్పే సున్నీలూ అక్కడే ఉన్నారు. రెండో ఒత్తిడి భూమిది. సేవ చేసినన్నాళ్లూ అనుభవించమని ఇచ్చే మష్రుతుల్ ఖిద్మత్ ఇనాములు నిజాం రాజ్యంలో ముజావర్లకు ఆధారం. 1955 ఇనాముల రద్దు చట్టం వచ్చాక ఏ భూమి మీద ఆక్యుపెన్సీ హక్కులు దక్కాయి, ఏది వక్ఫ్‌గా నిలిచింది అన్న తగాదాలు తెలంగాణ కోర్టులకెక్కాయి. తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండి, ఆ తర్వాత హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల మీదుగా 2016లో వికారాబాద్ జిల్లాకు వచ్చింది. కాబట్టి అక్కడి ఆషూర్‌ఖానాల మీద పని చేసే పరిశోధకుడు గుల్బర్గా కాగితాలతో మొదలుపెట్టి ఈ జిల్లాలన్నిటి ఇనాం రికార్డులూ తిరగేయాలి. ముజావర్‌కు ఎకరమైనా మిగిలిన ఊళ్లో, మిగలని ఊళ్లో పీర్లు ఎంతకాలం లేచాయో పోల్చి చూడటమే ఆ రికార్డులతో చేయాల్సిన మొదటి పని.