చేపు సూది వెనక కథ

గూడూరు, గుడివాడ వైపు వరి పొలాల ఊళ్లలో పాడి అంటే ప్రధానంగా గేదె. సాధారణంగా దూడ నాలుగు గుక్కలు తాగి పొదుగును కుమ్మితేనే గేదె చేపుతుంది, అంటే పాలు వదులుతుంది. దూడ చచ్చిపోతే పూర్వం గడ్డి కూరిన దూడ తోలును ముందు నిలబెట్టేవారు. తర్వాత ఆ చోటులోకి ఆక్సిటోసిన్ సూది వచ్చింది. పట్నంలో పాలు కొనేవారు దీన్నే పెరుగుదల హార్మోను అనుకుని భయపడుతున్నారు. ఆ హార్మోను వేరు: దిగుబడి పెంచే ఆర్‌బీఎస్‌టీని అమెరికా 1993లో అనుమతించింది, కెనడా 1999లో నిరాకరించింది. ఆక్సిటోసిన్ పొదుగులో ఉన్న పాలను దించుతుంది, అంతే.

ఆ మందు పాలలోకి దిగదా అంటే, రక్తంలో అది నిమిషాల్లోనే తరిగిపోతుంది. కాస్త మిగిలినా మన కడుపులో మాంసకృత్తులాగే అరిగిపోతుంది. అయినా ఆందోళన అవసరమే, గేదె కోసం. పాల కోసం హాని చేసే సూది వేయడాన్ని, గాలి ఊదే ‘ఫూకా’తో కలిపి, జంతుహింస నివారణ చట్టమే నేరమంటోంది. 2018లో కేంద్రం ఆక్సిటోసిన్ ప్రైవేటు తయారీని నిషేధించబోతే, బాలింతల రక్తస్రావాన్ని ఆపే మందు కూడా అదే కాబట్టి అది కరవవుతుందని అభ్యంతరాలు వచ్చాయి; డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. సరైన తీర్పు. ప్రసూతి గదికి మందు అందాలి, పశువుల పాకలోకి దొంగ సీసా రాకూడదు. పాలు పోయించుకునేవారు వెన్న శాతంతోపాటు దూడ బతికుందా అని కూడా అడగాలి.