ఇల్లు ఉంటేనే మగ్గం: షోలాపూర్ ఇళ్ల చరిత్ర

వార్షికోత్సవ సంచికకు మన చరిత్ర ఏదైనా రాయమన్నారు. పట్టుచీరల గొప్పతనం గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మన ఇళ్ల సంగతి రాస్తాను. మన ముందువాళ్ళు వలస వచ్చిన ప్రతి ఊళ్లోనూ మొదటి కష్టం ఇదే.

నేతపనివారికి ఇల్లంటే తల దాచుకునే చోటు మాత్రమే కాదు, అదే కార్ఖానా. గుంట మగ్గానికి నేల తవ్వాలి, కిరాయి ఇంట్లో తవ్వుతానంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు? వానాకాలం గుంటలో నీళ్లూరితే పని బంద్. పడుగుకు గంజి పెట్టి ఆరేయాలంటే ఇంటి ముందు పొడుగాటి వీధి కావాలి. అందుకే ఇల్లు ఖాళీ చేయమంటే నేతగాడికి బతుకుదెరువు కూడా ఖాళీ చేయమన్నట్టే.

షోలాపూర్ సంగతి చూడండి. తెలంగాణ జిల్లాల నుంచి కరువుకూ అప్పులకూ తాళలేక మనవాళ్ళు అక్కడికి వెళ్లారు. కొందరు మిల్లుల్లో చేరారు, కొందరు మగ్గాలు వేశారు. తర్వాత సాంచాలు వచ్చాయి. షోలాపూర్ చద్దర్లు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి గానీ, వాటిని నేసిన కూలీలు ఎందరో ఒంటి గది కిరాయి ఇళ్లలోనూ మురికివాడల్లోనూ ఉండిపోయారు. మగవాళ్ళు సాంచా మీదికి పోతే, ఆడవాళ్ళు తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని బీడీలు చుట్టేవారు.

ఆశ్చర్యం ఏమంటే, ఈ కుటుంబాలకు ఇల్లు వచ్చింది మగ్గం వల్ల కాదు, బీడీ వల్ల. 1976లో కేంద్రం బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసింది. వేయి బీడీలకు ఇంత అని సెస్సు వసూలు చేసి, ఆ సొమ్ము వైద్యానికీ పిల్లల చదువుకూ ఇళ్లకూ ఖర్చు పెట్టాలన్నారు. బీడీ కార్మికురాలికి గుర్తింపు కార్డు వచ్చింది. సాంచా మీద పన్నెండు గంటలు నిలబడే మనిషికి మాత్రం అలాంటి నిధీ లేదు, కార్డూ లేదు.

ఆ కార్డును ఆధారం చేసుకుని షోలాపూర్ ఆడవాళ్ళు ఇళ్ల కోసం సంఘం కట్టారు. మన తెలుగువాడే అయిన కార్మిక నాయకుడు, మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం మాస్టర్ ముందు నిలిచారు. ఊరి బయట కుంభారి దగ్గర సహకార పద్ధతిలో పది వేల ఇళ్లు లేచాయి. ఇంటికి కేంద్రం 20 వేలు, రాష్ట్రం 20 వేలు, కార్మికురాలు 20 వేలు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ గారి చేతుల మీదుగా వాటిని అప్పగించారు. ఠాణా జిల్లాలో వార్లీ ఆదివాసుల కోసం పోరాడిన గోదావరి పరులేకర్ పేరు ఆ కాలనీకి పెట్టారు.

తర్వాత అక్కడే రే నగర్ వచ్చింది. ఇది 30 వేల ఇళ్ల పథకం. ఈసారి బీడీ కార్మికులతో పాటు చేనేత, పవర్‌లూమ్ కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్ళు, డ్రైవర్లు కూడా ఉన్నారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష ఇస్తే మిగతాది సభ్యుల వాటా. 2019 జనవరి 9న ప్రధాని మోదీ గారు శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న మొదటి 15 వేల ఇళ్లు వారే అప్పగించారు. ఒకరు వేసిన బాటలో ఇంకొకరు నడిచారు. పార్టీలు వేరైనా పని ఆగలేదు, ఎందుకంటే వెనకాల సంఘం ఉంది, వాటా కట్టిన సభ్యులున్నారు.

కానీ ఒక లోటు చెప్పుకోవాలి. ఇవి అంతస్తుల్లో కట్టిన చిన్న ఇళ్లు. అందులో సంసారం సాగుతుంది గానీ మగ్గం పట్టదు. 1985-86లోనే కేంద్రం చేనేతవారికి ఇల్లూ పనిషెడ్డూ కలిపి ఇచ్చే పథకం తెచ్చింది. ఆ ఆలోచనే సరైనది. ఇప్పుడు ఇల్లు ఒక శాఖ, షెడ్డు ఒక శాఖ అయ్యేసరికి నేతగాడు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతున్నాడు. పైగా 2017లో జీఎస్టీ రావడంతో బీడీ సెస్సు కూడా రద్దయింది. మన ఆడవాళ్ళు ఇల్లు సంపాదించుకున్న ఆ దారి మూసుకుపోయినట్టే.

అందుకే నా మనవి. చాలా సొసైటీల రిజిస్టర్లలో మగ్గం నెంబరు ఉంటుంది, సభ్యుడి ఇల్లు సొంతమా కిరాయా అన్న గడి ఉండదు. ఈ ఏడాది ప్రతి సొసైటీ ఆ గడి గీయాలి. భీవండి అయినా, బెంగుళూరు అయినా, బరంపురం అయినా, సేలం అయినా, యానాం అయినా, ఇల్లు లేని నేత కుటుంబాల జాబితా తయారు కావాలి. నేతకారుల గుర్తింపు కార్డు లేనివాళ్లకు అది ఇప్పించాలి. ఇంటి దరఖాస్తు ఇంటి ఆడవాళ్ళ పేరు మీద పెట్టాలి. ఇల్లు అడిగేటప్పుడే మగ్గానికి చోటు కూడా అడగాలి. షోలాపూర్ ఆడవాళ్ళు చేతిలో కార్డు పట్టుకుని, వెనకాల సంఘాన్ని పెట్టుకుని అడిగారు, తెచ్చుకున్నారు. మనమూ అట్లాగే అడుగుదాం.