చాందా గనులలో తెలుగు తండ్రి

ఉగాది నాడు మనవారు నలుగురు కలిసిన చోట, వేపపూత పచ్చడి చేతిలో పడిన తరువాత యే ప్రసంగం వచ్చినా రాకపోయినా పిల్లల పెంపకం ప్రసంగం రాక మానదు. కొడుకు నెలల బిడ్డను భుజాన వేసుకుని పందిట్లో తిరుగుతూ వుంటాడు. పాలు పడతాడు, తడిగుడ్డలు మారుస్తాడు. గనిలో పని చేసి రిటైరయిన తండ్రి అది చూసి, “మా కాలంలో కన్నబిడ్డను నలుగురిలో యెత్తుకున్న మగవాణ్ని ఒక్కణ్ని చూపించండి” అంటాడు. “కాలం మారింది బాపూ” అంటాడు కొడుకు. మాట అక్కడితో ఆగుతుంది గాని, యిద్దరి మనసులలోను నొప్పి మిగిలిపోతుంది. పెద్దాయనకు తాను తండ్రిగా చేసినదంతా తప్పని కొడుకు తీర్పు చెప్పినట్లు తోస్తుంది. కొడుకుకు తాను చేస్తున్నది మగతనానికి తక్కువని తండ్రి తలుస్తున్నట్లు తోస్తుంది.

మేము మనవి చేయదలచినది యేమనగా, ఈ వాదంలో యిద్దరూ ఒక సంగతిని విచారించకుండానే వొప్పుకుంటున్నారు. బిడ్డకు దూరంగా వుండి, సంపాదన తెచ్చి యిచ్చి, యింట్లో మాట తక్కువగా మసలే తండ్రి అనాదిగా వస్తున్నవాడని యిద్దరి నమ్మకమూను. ఒకరు ఆయనను నిలుపుకోవాలంటారు, మరొకరు సాగనంపాలంటారు. కాని ఈ జిల్లా బొగ్గు చరిత్ర చూస్తే, ఆ తండ్రి మనవారిలో తయారై నూరేండ్లు కూడా నిండలేదని మాకు తోస్తున్నది.

ముందుగా మనవారు యిక్కడ యెలా చేరినారో నాలుగు మాటలు. 1964 ప్రాంతం దాకా చాందా అని పిలిచిన ఈ చంద్రపూరు జిల్లాలో తెలుగువారందరూ వలస వచ్చినవారు కారు. గోదావరి వొడ్డున వున్న సిరొంచ ప్రాంతం మొదటి నుంచీ తెలుగు నేలే. 1982లో గడ్చిరోలీ జిల్లా యేర్పడినప్పుడు అటు పోయింది. రాజూరా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాది. రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రానికి వచ్చి, 1959లో ఈ జిల్లాలో కలిసింది. అక్కడి తెలుగు కుటుంబాలు గడప దాటకుండానే పరాయి రాష్ట్రంవారైనాయి! తక్కిన మనవారిని తెచ్చినది బొగ్గు. వరోరాలో 1871లో మొదలైన గని 1906లో మూతపడగా, బల్లార్పూరు, ఘుగ్గుస్, మాజ్రీ గనులు క్రమంగా పైకి వచ్చినవి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం కలిసి, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడవసాగినది. అప్పటి నుంచి కరీంనగరం, ఆదిలాబాదు పల్లెలకు ఈ వూళ్లు ఒక రాత్రి ప్రయాణమైనాయి.

ఆ పల్లెలలో తండ్రి యెలా వుండేవాడు? చేనేతవారి సంగతే తీసుకుందాము. గుంటమగ్గం నడియింట్లో వుంటుంది. భార్య కండెలు చుడుతుంది, ముసలి తల్లి నూలు సరిచేస్తుంది, దూలానికి వుయ్యాల వేలాడుతూ వుంటుంది. తండ్రి పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆ నాలుగు గోడల మధ్యనే వుండేవాడు. బిడ్డ యేడిస్తే అందరికన్న ముందు ఆయనకే వినబడుతుంది. రైతు యింట అయితే నాట్లకు, కోతలకు భార్యాభర్తలు కలిసి పోయేవారు. చెట్టుకొమ్మకు చీర కట్టి బిడ్డను అందులో వేసేవారు. దగ్గర వున్నవారు వూపేవారు. ఆ తండ్రి ప్రేమమూర్తి అని మేము అనడం లేదు. కోపిష్ఠి కావచ్చు, తాగుబోతూ కావచ్చు. కాని దగ్గర వుండేవాడు.

పెద్దల యెదుట తన బిడ్డను తాను ముద్దు చేయరాదనే మర్యాద వుండిన మాట నిజమే. అది ఉమ్మడి కుటుంబపు మర్యాద. బిడ్డ యింటివారందరి సొత్తు, నా బిడ్డ అని ఒకడు ముందుకు రావడం యెబ్బెట్టుగా వుండేది. మూలా నక్షత్రంలో బిడ్డ పుడితే శాంతి జరిగేదాకా తండ్రి చూడకూడదనీ, తొలిచూపు నూనెలో నీడగా చూడాలనీ ఆచారం వుండడం పాఠకులకు తెలిసినదే. దానిని చాలామంది తండ్రీబిడ్డల యెడమకు సాక్ష్యంగా చెబుతారు. మాకు మటుకు అది వేరు విధంగా కనబడుతుంది. చూడబోని వానికి యెవరైనా తొలిచూపు పండుగ చేస్తారా?

యిక గనికి వద్దాము. ఈనాటి యువకులు నమ్మరు గాని, మొదటి తరంలో బొగ్గుపని మగవాడి పని కాదు, జంట పని. భర్త బొగ్గు కొట్టేవాడు. భార్య తట్టకెత్తి టబ్బులో పోసేది. యిద్దరూ ఒకే సొరంగంలో, ఒకే దీపపు వెలుగులో పని చేసేవారు. యింగ్లండులో 1842లోనే స్త్రీలు భూగర్భంలో దిగరాదని శాసనం చేశారు. మన దేశంలో ఆ మాట అమలులోకి రావడానికి 1929 దాకా పట్టింది. అప్పుడు కూడా బెంగాలు, బీహారు గనులతో పాటు ఈ చాందా జిల్లా వుండిన మధ్యపరగణాల గనులకు గడువు యిచ్చి, యేటేటా స్త్రీల సంఖ్యను తగ్గిస్తూ వచ్చారు. 1937 అక్టోబరుతో ఆ గడువు తీరింది. భూగర్భంలోని స్త్రీలందరూ పైకి వచ్చారు. పదమూడేండ్ల లోపు పిల్లలు గనిలోకి పోరాదని 1923 చట్టం అంతకు ముందే కట్టడి చేసింది.

ఇది మంచి పని కాదని యెవరూ అనలేరు. నిండు చూలాలు చీకట్లో బొగ్గు తట్ట మోయడం యెంత ఘోరమో వేరే చెప్పాలా? అయితే దాని వెంట వచ్చిన మార్పును మనవారు గుర్తించలేదు. జంటకూలి పోయి ఒంటికూలి మిగిలింది. ఆ లోటు పూడ్చడానికి భర్త అదనపు షిఫ్టు దిగాడు. భార్య యింట్లో మిగిలింది, బిడ్డ ఆమెతో మిగిలింది. “సంపాదించేవాడు తండ్రి, పెంచేది తల్లి” అన్న సూత్రం గనివూళ్లలో వేదకాలం నుంచి రాలేదు. 1929కీ 1937కీ మధ్య వచ్చింది. అదయినా నిలకడగా రాలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో బొగ్గుకు కరువు వచ్చేటప్పటికి 1943లో సర్కారు నిషేధం యెత్తివేసి స్త్రీలను మళ్లీ లోపలికి పిలిచింది. యుద్ధం ముగిశాక 1946 ఫిబ్రవరిలో మళ్లీ పైకి పంపింది. అదే 1946లో గనుల దగ్గర పసిపిల్లల సంరక్షణశాలలు వుండాలని నియమాలు వచ్చాయి. తల్లులు లోపల వుండినన్నాళ్లు రాని పిల్లలశాల, వారు పైకి వచ్చే వేళకు వచ్చినది. సర్కారు పనులు యిలాగే వుంటాయి కాబోలు.

రైలు చేసిన మార్పు మరొకటి వున్నది. తొలి కాన్పు పుట్టింట జరగాలనడం మన సంప్రదాయం. పల్లెలో పుట్టిల్లు పక్క వూరే. భర్త చీకటిపడ్డాక నడిచి పోయి బిడ్డను చూసి తెల్లవారేటప్పటికి తిరిగి రాగలడు. బల్లార్షా నుంచి కరీంనగరం పల్లెకు అలా కుదరదు. యేడో నెలలో భార్యను రైలెక్కించిన గనికార్మికుడు, హాజరు పోతుందని, కూలి పోతుందని యిక్కడే వుండిపోయేవాడు. పుట్టింటివారు వ్రాయించిన కార్డు వచ్చేటప్పటికి పురుటిస్నానమే అయిపోయి వుండేది. కలిగినవారు తంతి కొట్టేవారు. మూడో నెలలోనో అయిదో నెలలోనో, సారెతో పాటు బిడ్డ రైలు దిగేది. ఆ తండ్రి తొలిచూపు నూనెలో కాదు, ప్లాట్‌ఫారం మీద. బిడ్డ కొత్త మొగం చూసి యేడ్చేది; ఆయన మొగమాటపడి సామాను మోయడానికి పోయేవాడు. యిలాంటి కథలు మన పెద్దలు నవ్వుతూ చెబుతారు. విన్నప్పుడు మాకు అంత నవ్వు రాలేదు.

1973లో గనులు జాతీయం కావడమూ, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ యేర్పడడమూ మన వారికి పండుగలే. నెలజీతం, క్వార్టరు, ఆస్పత్రి, ప్రావిడెంటు ఫండు వచ్చాయి. వేతన ఒప్పందాలలో మరొక హక్కు వచ్చింది: పనిలో వుండగా కార్మికుడు చనిపోయినా, శాశ్వతంగా అశక్తుడైనా, అతని మీద ఆధారపడిన వారిలో ఒకరికి వుద్యోగం. యెన్నో కుటుంబాలను నిలబెట్టిన హక్కు అది. కాని దాని లోపలి అర్థం చూడండి. పొలం అయితే తండ్రి బతికి వుండగానే కొడుకు నాగలి పడతాడు. మగ్గం అయితే తండ్రి పక్కన కూర్చుని పని నేరుస్తాడు. గనిలో తండ్రి కొడుక్కు యివ్వగలిగినది తన స్థానం ఒక్కటే. అది చేతికి రావాలంటే తండ్రి పోవాలి, లేదా మూలపడాలి. యిటువంటి వారసత్వం నడుమ వుండగా తండ్రీకొడుకులు మనసు విప్పి మాట్లాడుకోవడం సులభమా? ఆ తరం తండ్రులు రాతిగుండెవారని మనం అంటాము. షిఫ్టు సైరను మోగినప్పుడల్లా బయలుదేరి, తిరిగి వస్తామో రామో తెలియని వారికి ముద్దుమాటలు రాకపోవడం వింత కాదు.

ఆ వారసత్వమూ పలచబడింది. ఓపెన్‌కాస్టులో వంద తట్టల పని ఒక్క షవలు చేస్తున్నది. కొడుకులు చదువుకుని పుణె, నాగపూరు, హైదరాబాదులకు వెళ్లారు. యిప్పుడు వారు తండ్రులవుతున్నారు. అత్తగారు రాలేరు, తల్లిగారికి మోకాళ్ల నొప్పులు, భార్యకూ వుద్యోగం. బిడ్డను యెత్తుకోవడం వారికి ఆదర్శం కన్న ముందు అవసరం. జంటకూలి తిరిగి వచ్చింది గనుక జంటపెంపకమూ తిరిగి వచ్చిందని మా అభిప్రాయం. స్వీడన్ దేశంలో 1974లోనే ప్రసవ సెలవును తల్లీతండ్రీ పంచుకునే యేర్పాటు చేశారు. మన కేంద్రప్రభుత్వ వుద్యోగులకు, బిడ్డలు యిద్దరికి లోపు వున్న తండ్రికి, పదిహేను రోజుల సెలవు 1990ల చివర వచ్చింది. 2017లో తల్లుల సెలవును యిరవై ఆరు వారాలకు పెంచిన చట్టం తండ్రి వూసే యెత్తలేదు. 2019లో స్త్రీలు భూగర్భ గనులలో పగటివేళ సాంకేతిక, పర్యవేక్షక వుద్యోగాలు చేయవచ్చునని అనుమతి యిచ్చారు. తట్టతో పైకి వచ్చినవారి మునిమనుమరాలు యినుపటోపీతో లోపలికి దిగవచ్చును.

పెద్దల ఫిర్యాదులో పస లేదని మేము అనము. ఒక చేత బిడ్డను, ఒక చేత ఫోనును పట్టుకున్న తండ్రి బిడ్డకు యెంత దగ్గరగా వున్నట్టు? బిడ్డతో యే భాషలో మాట్లాడతాడు? పెరట్లో మరాఠీ, బడిలో యింగ్లీషు, టీవీలో హిందీ అయినప్పుడు లాలిపాట ఒక్కటైనా తెలుగులో వుండాలని తాత కోరితే అది మూర్ఖత్వం కాదు. పైగా ఆ తాతనే జాగ్రత్తగా గమనించండి. కొడుకు మీద విసుక్కున్న ఆ పెద్దమనిషే సాయంత్రం మనుమణ్ని చంకన వేసుకుని మహాకాళి గుడి దాకా తిప్పి తీసుకువస్తాడు. కొడుకును యెత్తుకోవడానికి షిఫ్టు యివ్వని తీరిక పింఛను యిచ్చింది. కొడుకు అది చూసి యేమీ అనడు.

చివరగా పేర్ల సంగతి. తెలుగువాని పేరులో యింటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. తండ్రి పేరుకు అందులో చోటు లేదు. మరాఠీ పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, చివర యింటిపేరు. గని హాజరుపట్టీలలోను, బడి దాఖలాలలోను మన పేర్లు ఆ వరుసలోకి తిరిగిపోయాయి. బిడ్డ దగ్గర కూర్చునే తీరిక తండ్రికి లేకుండా పోయిన కాలంలోనే ఆయన బిడ్డ పేరు నడుమకు వచ్చి కూర్చున్నాడు. యిప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం ప్రకారం, 2024 మే 1 నాడు గాని ఆ తరువాత గాని పుట్టిన బిడ్డకు సర్కారు కాగితాలలో తన పేరు తరువాత తల్లి పేరు, ఆ తరువాతనే తండ్రి పేరు, ఆఖరున యింటిపేరు. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పరచి వుంగరంతో పేరు వ్రాసేది మాత్రం నేటికీ తండ్రే. యింటిపేరు ముందు వ్రాయాలా వెనుక వ్రాయాలా అని ఆ క్షణాన పురోహితుణ్ని అడిగినవారిని మేము యెరుగుదుము.

సభ్యుల యిండ్లలో పాత హాజరు చీట్లు, పుట్టింటి నుంచి బిడ్డ పుట్టిన వార్త తెచ్చిన కార్డులు, తంతులు యేవైనా పెట్టెల అడుగున మిగిలి వుంటే, వాటిని ఒకసారి సంఘానికి చూపవలసినదిగా కోరుతున్నాము. నకలు వ్రాసుకుని మళ్లీ భద్రంగా తిరిగి యిస్తాము.