మంచునేర్పిన మత్స్యవిద్య

చేప చెడునను భయమున దళారి చెప్పిన వెలకే యిచ్చివేయుట మనవారికిఁ దరతరముల బాధ. కావున చేపను గడ్డకట్టించి నిలువచేయు విద్య చరిత్రను మేమిట విన్నవించుచున్నాము.

ఉత్తర అమెరికాయందలి లాబ్రడారు తీరమున నిన్యూట్ జనులు శీతకాలమున గడ్డకట్టిన నీటిపై నిలిచి, దట్టమైన మంచునకు బెజ్జము చేసి చేపలఁ బట్టుదురు. మైనస్ 40 డిగ్రీల చలిలోఁ బైకి వచ్చిన చేప చూచుచుండఁగనే ఱాయివలె బిగియును. పిమ్మటఁ గరఁగించి వండినను రుచి చెడదు. వేగముగా గడ్డకట్టుటచే లోపలి మంచుకణములు సూక్ష్మములై మాంసమును జీల్పవు.

1912లో బొచ్చుతోళ్ల వ్యాపారమునకై యచ్చటి కేగిన క్లారెన్స్ బర్డ్సై యను నమెరికా దేశీయుఁడు దీనిని వారివద్దఁ గనుఁగొని, 1924లోఁ గంపెనీ స్థాపించెను. 1929లో నా వ్యాపారము 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. పెట్టెలపై నచ్చుపడినది యాతని పేరే. మంచుపై నిలిచినవారిది గాదు. విశాఖపట్టణమునుండి నేఁడు విదేశములకుఁ బోవు రొయ్యలును ఇట్లు వేగముగా గడ్డకట్టింపఁబడినవే.