దెబ్బ నేర్పిన చదువు

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాదు వదలలేరని మన పెద్దవాళ్లు అనేవారు. ఆ గండిపేటకీ, హిమాయత్‌సాగర్‌కీ ఎగువన, మొయినాబాదు మండలంలో ఎంకపల్లి అని ఓ ఊరుంది. అక్కడిప్పుడు భాస్కర్ మెడికల్ కాలేజీ ఉంది. నేను బి.ఏ. మనిషిని. వైద్యం నాకు తెలీదు, చరిత్రంటే మాత్రం సరదా. ప్రమాదంలో చితికిపోయి వచ్చిన మనిషిని బతికించడం ఓ ప్రత్యేకమైన చదువుట. ఆ చదువు ఎలా పుట్టిందో తెలుసుకుంటే, ప్రతి పాఠం వెనకా ఓ దెబ్బ కనిపించింది.

ముందు మన ఊరి దెబ్బే చెప్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్‌లోని ఆసుపత్రే వరదపాలైంది. ఆ ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఊరు మొత్తంమీద సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఆ దుఃఖంలోంచే, విశ్వేశ్వరయ్యగారి సలహాతో, 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1925 నాటికి కొత్త ఉస్మానియా ఆసుపత్రి లేచింది. దొంగలు పడ్డాక మనం తాళంకప్ప కొనమూ? ప్రభువులూ అంతే. కనీసం అప్పుడైనా కొన్నారు, సంతోషం.

రెండో దెబ్బ ఎక్కడో అమెరికాలో తగిలింది. 1976లో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు భార్యాపిల్లలతో సొంత విమానంలో వెళ్తుండగా, నెబ్రాస్కాలో ఓ పొలంలో అది కూలింది. భార్య అక్కడికక్కడే పోయింది. నలుగురు పిల్లల్లో ముగ్గురికి గట్టి దెబ్బలు. ఎలాగో దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి చేరితే, అక్కడివాళ్లకి ముందేం చెయ్యాలో తెలీలేదు. చేతిలో ఏమీ లేకుండా తను పొలంలో చేసిన వైద్యమే నయమనిపించిందట ఆ తండ్రికి. ఇంకొకరైతే ఆసుపత్రిని తిట్టుకుంటూ బతికేవారు. ఆయన మాత్రం తోటి డాక్టర్లని కూడగట్టి, పల్లె డాక్టర్లకి పాఠం తయారుచేయించాడు. 1978లో మొదటి తరగతి జరిగింది. ముందు ఊపిరి వెళ్లే దారి చూడు, తర్వాత శ్వాస, ఆ తర్వాత రక్తం కారడం ఆపు. మన వంటింటి వరసలా ఇంత తేలిక! ఈనాడు దేశదేశాల డాక్టర్లు ఆ పాఠమే చదువుతున్నారు.

ఆ పాఠం మొదటి మెట్టు మాత్రమే. ఎం.బి.బి.ఎస్. అయ్యాక మూడేళ్లు సర్జరీ చదివి, ఆ పైన ఫెలోషిప్ పేరుతో మళ్లీ శిక్షణ పొందే డాక్టర్లున్నారు. అమెరికాలో దాన్ని 'ఎక్యూట్ కేర్ సర్జరీ' అంటారు. అది రెండేళ్లు. ప్రమాదాల దెబ్బలు, ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల సంరక్షణ, కడుపులో పేగు పగిలిందనో, అపెండిక్స్ చితికిందనో అర్ధరాత్రి వచ్చే ఆపరేషన్లు, మూడూ ఒక్కరే నేర్చుకుంటారు. ఇందులో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. స్కానింగులు బాగా వచ్చాక, కాలేయానికీ ప్లీహానికీ దెబ్బ తగిలినా చాలామందికి కోత అక్కర్లేదని, కనిపెట్టుకుని ఉంటే చాలని తేలింది. ప్రమాదాల సర్జన్లకి కత్తి పట్టే పని తగ్గిపోయింది! అందుకే మిగతా అత్యవసర ఆపరేషన్లు కూడా వాళ్లకి జత చేశారు. ఎప్పుడు కొయ్యకూడదో తెలియడం కూడా ఆ చదువులో భాగమే. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌వాళ్ల ట్రామా సెంటరులో ఈ తరహా పెద్ద చదువుంది.

ఇక మూడో దెబ్బ. అది ఎంకపల్లికి దగ్గర్లోనే, బీజాపూర్ రోడ్డు మీద. 2025 నవంబరు 3 పొద్దున్న, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని కంకర టిప్పరు ఢీకొట్టింది. కంకర బస్సులోకి కూలింది. 19 మంది పోయారు. రోడ్డు వెడల్పు చెయ్యాలని కొందరు, సుమారు 900 మర్రిచెట్లు కొట్టొద్దని కొందరు ఏళ్ల తరబడి వాదించుకున్న రోడ్డది. చింతచెట్టు దయవల్ల బతికిన ఊరివాళ్లం, చెట్టుని శత్రువనలేం. అలాగని ఆ బస్సెక్కినవాళ్లని మరిచిపోలేం.

హైదరాబాదులో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. బండి వేగంగా వస్తుంది, నిజమే. అది చేరిన చోట తలుపు తీసే మనిషికి చదువుండద్దూ? స్టైనర్ కథలో లోటు అదే కదా! వరద తర్వాత చెరువులు తవ్వినట్టు, మీర్జాగూడ తర్వాత రోడ్డు పక్క ఆసుపత్రుల్లో అలాంటి సర్జన్లు నిలబడాలి.

ఈలోగా మనవంతు కూడా ఉంది. దారిలో దెబ్బ తగిలినవాళ్లని ఆసుపత్రికి చేరిస్తే పోలీసులు పీడిస్తారని మనవాళ్ల భయం. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టం సవరణ ఆ భయం తీర్చాయి. సాయం చేసినవాళ్లు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. మీ వారికీ, పిల్లలకీ ఈ మాట చెప్పి ఉంచండి.

ఇంకోమాట. 1880లలో హైదరాబాదు మెడికల్ స్కూల్లో, లారీ అనే దొరగారి దగ్గర రూపాబాయి ఫర్దూన్‌జీ అనే అమ్మాయి క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకుంది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనంటారు. ఆ రోజుల్లో ఆవిడ ఆపరేషన్ గదిలో నిలబడగలిగితే, ఈ రోజుల్లో మన పిల్లలకేం తక్కువ? మీ ఇంట్లో మెడిసిన్ చదివే అమ్మాయి, "అమ్మా, నేను ప్రమాదాల సర్జన్నవుతాను" అంటే అడ్డం చెప్పకండి. రాత్రి డ్యూటీలా అని పెళ్లివాళ్లు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. ఆ రాత్రి బస్సులో ఉండేది వాళ్ల పిల్లలే కావచ్చు.