కార్డు ముక్కల ఇందిరమ్మ

మా అక్క పోయినంక ఆమె సందుగల పాత కార్డుల కట్టొకటి దొరికింది, బిడ్డా. అన్నీ మా ఊరు కొండకల్ నుంచి అక్కకు పోయినయే. మాయమ్మ చెప్పేది, నేను రాసేది. ఏడో తరగతి సదివిన పిల్లనని వాడకట్టు ఆడోళ్ల కార్డులన్నీ నాతోనే రాయించేటోళ్లు.

ఎమర్జెన్సీ నాటియి గవి. 1975 జూన్ 25 రాత్రి పెట్టిరి, 1977ల ఎత్తేసిరి. అందరు అనేది జైళ్ల సంగతే గదా. మాయమ్మ కార్డు సూడు: "ఇందిరమ్మ సల్లగుండాలె. సావుకారు బాకీ అడుగుతలేడు. మీ అన్న జీతం ఇడిసిండు. కంట్రోలు దుకాణం చెప్పిన పొద్దుకు తెరుస్తుండ్రు." జాగ అయిపోయినంక అంచుకు అడ్డంగ ఇంకో ముక్క: "మొగోళ్లను పట్టి ఆపరేషన్లు చేస్తుండ్రంట, అల్లున్ని పైలంగ ఉండుమను." మొక్కుడూ భయమూ ఒక్క కార్డులనే.

మాయమ్మ తెలివి తక్కువది కాదు. ఆమె అయ్య పటేలింట్ల జీతమున్నడు, మొగడున్నడు, కొడుకూ ఉన్నడు. ఆ ఏడు జులైల ఇరవై సూత్రాలన్నరు, అక్టోబర్ల వెట్టి రద్దన్నరు. కొడుకు బయటపడ్డంక ఏ తల్లి మొక్కదు చెప్పు?

గని 1975 డిసెంబర్ కార్డుంది చూడు, అండ్ల చలి సంగతి, కంది కోతల సంగతి తప్ప ఏం లేదు. ఆ నెల ఒకటో తారీఖుననే ముషీరాబాద్ జైల్ల భూమయ్యను, కిష్టాగౌడును ఉరితీసిరి. ఆదిలాబాద్ దిక్కు రైతులు, దొరల మీద లేచినోళ్లు. పొద్దుగాల బస్సెక్కితే పగటికల్లా చేరే జైలు అది! మా వాడకట్టుకు ఆ ముచ్చటే రాలే. పేపర్లకు సెన్సారు, మాకేమో పేపరే లేదాయె. ఆ ఎమర్జెన్సీలనే బెంగళూరు జైల్ల ఒక తెలుగామె, సినిమా నటి స్నేహలతారెడ్డి, ఉబ్బసంతోటి ఆయాసపడుకుంట డైరీ రాసుకున్నదట. బయటికొచ్చినంక కొద్దిరోజులకే, 1977 జనవరి 20న, పాణమిడిసింది. గీ సంగతులు నేను ఎంతకాలానికో సదివిన.

ఆ మార్చిల ఓట్లొచ్చినయి. మాయమ్మ అందరికన్న ముందు పోయి కాంగ్రెస్ గుర్తు ఆవుదూడకు గుద్దొచ్చింది. రాయ్‌బరేలీల ఇందిరమ్మే ఓడె, దేశంల శానామంది కాంగ్రెస్‌ను దించె. మన ఆంధ్రప్రదేశ్ల మాత్రం 42ల 41 కాంగ్రెస్‌వే. నంద్యాల ఒక్కటి నీలం సంజీవరెడ్డికి పోయింది. మూడేండ్లకు ఇందిరమ్మ మన పక్క మెదక్‌లనే నిలవడి గెలిసింది. ఆమెను గెలిపించినోళ్లను పిచ్చోళ్లంటే నేనొప్ప. ఆ ఉరుల సంగతి వాళ్లకు తెల్వనిచ్చినోళ్లు లేరు, గదే అసలు జులుం.